విమానం దిగేటప్పుడు పరికరాలు తలోమాట చెబితే పైలట్ దేన్ని నమ్ముతాడు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. మే నెలలో ఒక మధ్యాహ్నం మీ నాయన హైదరాబాద్ నుంచి కడపకు విమానంలో వస్తుంటే, మీరు ఎయిర్‌పోర్ట్ బయట నిలబడి ఫోన్‌లో ట్రాకింగ్ యాప్ చూస్తున్నారు. విమానం ఒకసారి బాగా కిందికి వచ్చి, దిగకుండా మళ్ళీ లేచి, చుట్టు తిరిగి వచ్చింది. రెండోసారి దిగేటప్పుడు యాప్‌లో విమానం బొమ్మ రన్‌వే మీద కాకుండా పక్క పొలాల మీద పోయింది. నేలకు తగలబోయే క్షణంలో కూడా ఎత్తు 700 అడుగులకు పైనే ఉంది, ఆ వెంటనే సున్నా అయింది. పైలట్‌కు దారి తప్పు చూపించిందా, పరికరాలు ఒకదానికొకటి పొంతన లేకుండా చూపిస్తే పైలట్ దేన్ని నమ్ముతాడు అని అడిగారు. మీ నాయన ఇక విమానం ఎక్కనంటున్నారని కూడా రాశారు.

ముందు జవాబు చెప్పేస్తాను. యాప్‌లో మీరు చూసిన రెండు తేడాలూ యాప్‌లోవే, విమానంలోవి కావు. అయితే విమానం లోపల కూడా పరికరాల మధ్య చిన్న తేడాలు దాదాపు ప్రతి ల్యాండింగ్‌లోనూ ఉంటాయి. పైలట్ ఏ ఒక్క పరికరాన్నీ పూర్తిగా నమ్మడు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు లెక్కలు కలిస్తేనే కిందికి దిగుతాడు. కలవకపోతే పైకి లేస్తాడు. మీ నాయనను భయపెట్టిన ఆ పైకి లేవడమే అందులో అన్నిటికంటే సురక్షితమైన పని.

నాది కర్నూలు. ఇరవై ఏళ్లకు పైగా ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానాలు నడిపాను, ఇప్పుడు కొత్తగా వచ్చే పైలట్లకు సిమ్యులేటర్‌లో నేర్పుతున్నాను. కింద రాసేదంతా ఆ అనుభవంతోనే. మైలు అన్నచోటల్లా నాటికల్ మైలు అనుకోండి, అంటే 1.852 కిలోమీటర్లు.

మొదట మీరు చూసిన 700 అడుగుల సంగతి. విమానంలోని ఆల్టిమీటర్ నిజానికి ఎత్తును కొలవదు, గాలి పీడనాన్ని కొలుస్తుంది. సముద్రమట్టం దగ్గర పీడనం 1013.25 హెక్టోపాస్కల్స్ అనుకుని లెక్కగట్టిన ఎత్తును ట్రాన్స్‌పాండర్ అనే రేడియో పరికరం బయటికి పంపుతుంది. ఏ రోజైనా, ఏ ఊరైనా లెక్కకు ఆ 1013.25 అంకే. మీ ఫోన్‌కు వచ్చేది ఇదే. కానీ మే నెల మధ్యాహ్నం మన సీమలో పీడనం 1002 ప్రాంతంలో ఉండటం మామూలే. అంటే 11 తక్కువ. ఒక్కో హెక్టోపాస్కల్‌కు సుమారు 27 అడుగుల చొప్పున దాదాపు 300 అడుగులు ఎక్కువ చూపిస్తుంది. కడప రన్‌వే ఎలాగూ సముద్రమట్టానికి 400 అడుగులకు కొంచెం పైన ఉంది. రెండూ కలిపితే మీరు చూసిన 700 చిల్లర వస్తుంది. చక్రాలు నేలకు తగిలాక ట్రాన్స్‌పాండర్ ఎత్తు పంపడం ఆపేస్తుంది కాబట్టి యాప్ సున్నా వేసేసింది. అదే జనవరి పొద్దున అయితే పీడనం ఎక్కువగా ఉండి, విమానం రన్‌వే కంటే కింద ఉన్నట్టు కనిపించేది. అప్పుడు మీరు ఇంకా భయపడేవారు.

పొలాల మీద బొమ్మ సంగతి ఇంకా చిన్నది. విమానం తానెక్కడ ఉన్నదీ సెకనుకు దాదాపు రెండుసార్లు రేడియోలో చెబుతూ ఉంటుంది. దాన్ని పట్టుకునేది ఎవరో ఇంటి మిద్దె మీద పెట్టుకున్న చిన్న యాంటెన్నా. విమానం కిందికి దిగేకొద్దీ మధ్యలో కొండలు అడ్డం వస్తాయి, సిగ్నల్ అందదు. కడప చుట్టూ నల్లమల, పాలకొండల సంగతి మీకు తెలిసిందే. సిగ్నల్ పోయాక యాప్ ఊరుకోదు, చివరగా తెలిసిన దిక్కులో, చివరగా తెలిసిన వేగంతో బొమ్మను ముందుకు తోస్తుంది. విమానం మలుపులో ఉండగా సిగ్నల్ పోతే బొమ్మ పొలాల్లోకి పోక తప్పదు.

ఇక విమానం లోపలి సంగతికి వస్తాను. మీ అసలు ప్రశ్న అదే కదా.

పైలట్ ఆ 1013 అంకెను అలాగే ఉంచుకుని దిగడు. కంట్రోల్ టవర్ ఆ గంటకు, ఆ ఎయిర్‌పోర్ట్‌కు సరిపోయే పీడనం చెబుతుంది. దాన్ని క్యూఎన్‌హెచ్ అంటాం. అది పెట్టుకుంటే రన్‌వే మీద ఆల్టిమీటర్ రన్‌వే అసలు ఎత్తే చూపిస్తుంది. ఈ ఒక్క అంకె తప్పయితే ఏమవుతుందో 2022 మే 23న పారిస్ చార్ల్స్ డి గాల్ ఎయిర్‌పోర్ట్‌లో తెలిసింది. ఒక ఎయిర్‌బస్ ఏ320కి కింది నుంచి 1001 బదులు 1011 అని చెప్పారు. పది తేడా, సుమారు 280 అడుగులు. ఆ రోజు వాన, రన్‌వే కనిపించడం లేదు. జీపీఎస్‌తో దారి, ఆల్టిమీటర్‌తో ఎత్తు చూసుకునే పద్ధతిలో దిగుతున్నారు. కాక్‌పిట్‌లో అన్నీ చక్కగా మధ్యలోనే ఉన్నాయి. విమానం మాత్రం ఉండాల్సిన దానికంటే 280 అడుగుల కిందుగా వస్తోంది. వాళ్లు పైకి లేచే సమయానికి, రేడియో తరంగాలతో నేల దూరాన్ని నేరుగా కొలిచే రేడియో ఆల్టిమీటర్ లెక్కలో నేలకు 6 అడుగుల దూరమే ఉంది. రన్‌వే ఇంకా ముందుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

నేను నేర్పే ప్రతి బ్యాచ్‌కూ ఈ సంఘటన చెబుతాను. అక్కడ కెప్టెన్ స్క్రీన్, కో-పైలట్ స్క్రీన్, ఆటోపైలట్ మూడూ ఏకమాట మీదే ఉన్నాయి. మూడింటికీ అంకె వచ్చింది ఒకే నోటి నుంచి. రెండు స్క్రీన్లు ఒకటే చూపిస్తే రెండు సాక్ష్యాలు ఉన్నట్టు కాదు. అందుకే నేను తేడా కనిపించినప్పటి కంటే అన్నీ మరీ చక్కగా కలిసినప్పుడు ఎక్కువ జాగ్రత్తగా ఉండమంటాను.

ఇప్పుడు మన ఎండల సంగతి. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇది మన సీమలో ప్రతి వేసవిలో జరిగేదే, బయటివాళ్లకు పెద్దగా తెలియదు.

కొన్నేళ్ల కిందట మే నెలలో, మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో, ఇక్కడే ఒక చిన్న ఎయిర్‌పోర్ట్‌కు దిగుతున్నాను. కింద 43 డిగ్రీలు. పక్కన కొత్తగా చేరిన ఫస్ట్ ఆఫీసర్, అంటే కో-పైలట్, అనంతపురం అమ్మాయి. ఆకాశం నిర్మలంగా ఉంది, రన్‌వే ఐదు మైళ్ల నుంచే కనిపిస్తోంది. స్క్రీన్ మీద ఆల్టిమీటర్ లెక్కతో ఎత్తు దారిని చూపించే డైమండ్ గుర్తు సరిగ్గా మధ్యలో ఉంది. అంటే మూడు డిగ్రీల వాలు మీద ఉన్నామని అర్థం. బయట రన్‌వే పక్కన నాలుగు దీపాల వరస ఉంటుంది, పాపీ అంటాం. రెండు తెల్లగా, రెండు ఎర్రగా కనిపిస్తే వాలు సరైనది. ఆ రోజు మూడు తెల్లగా, ఒకటి ఎర్రగా కనిపిస్తోంది. అంటే ఎక్కువ ఎత్తులో ఉన్నాం.

"సార్, డైమండ్ మధ్యలోనే ఉంది, పాపీ మూడు తెల్లవి చూపిస్తోంది. ఏది కరెక్ట్?" అంది. గొంతులో టెన్షన్ తెలుస్తోంది.

రెండూ కరెక్టే. ఎండకు గాలి వ్యాకోచిస్తుంది, పొరలు పొంగి మందమవుతాయి. ఆల్టిమీటర్ మాత్రం పొంగని గాలి లెక్కనే పట్టుకుని ఉంటుంది. కడప లాంటి ఎత్తులో ప్రామాణిక లెక్క ప్రకారం ఉష్ణోగ్రత 14 డిగ్రీల దగ్గర ఉండాలి. 43 ఉందంటే 29 ఎక్కువ. మేం వాడే మోటు లెక్క, ప్రతి 10 డిగ్రీలకూ ఎత్తులో 4 శాతం తేడా. అంటే ఇక్కడ 12 శాతం దగ్గర. రన్‌వేకు 1500 అడుగుల పైన ఉన్నామని ఆల్టిమీటర్ అంటుంటే నిజంగా 1670 అడుగుల పైన ఉంటాం. మూడు డిగ్రీల వాలు అనుకున్నది 3.3 డిగ్రీలు అవుతుంది. పాపీ మూడో దీపం తెల్లబడేది దాదాపు 3 డిగ్రీల 10 నిమిషాల కోణం దాటినప్పుడే. లెక్క సరిగ్గా సరిపోయింది. రన్‌వేకు దగ్గరయ్యేకొద్దీ ఈ తేడా తగ్గుతూ వచ్చి నేల మీద సున్నా అవుతుంది, ఎందుకంటే క్యూఎన్‌హెచ్ కొలిచింది అక్కడే.

ఆ రోజు డైమండ్‌ను వదిలేసి పాపీని పట్టుకున్నాం. ఆ దీపాలు కాంక్రీటు దిమ్మె మీద ఒక కోణంలో బిగించి ఉంటాయి. వాటికి పీడనం, ఎండ, శాటిలైట్ దేనితోనూ పని లేదు. దిగే వేగం నిమిషానికి 550 అడుగుల నుంచి 650కి పెంచాం. 800 అడుగుల దగ్గర రెండు తెలుపు, రెండు ఎరుపు వచ్చాయి. అయినా పర్లేదులే అని ఎత్తుగానే పోకూడదా అంటే, పోకూడదు. రన్‌వే మొదలును 50 అడుగులు ఎక్కువ ఎత్తులో దాటితే చక్రాలు తాకే చోటు సుమారు 290 మీటర్లు ముందుకు పోతుంది. మన కడప, ఓర్వకల్లు రన్‌వేలు దాదాపు రెండు కిలోమీటర్లే.

చలి ప్రాంతాల్లో ఇది తిరగబడుతుంది. లేహ్ లాంటి చోట శీతాకాలంలో ఆల్టిమీటర్ చూపించిన దానికంటే విమానం కిందుగా ఉంటుంది. చుట్టూ కొండలు. ఎండ తప్పుతో రన్‌వే పొడవు పోతుంది, చలి తప్పుతో కొండ దగ్గరవుతుంది. చలి లెక్క దిద్దుకోవడానికి అందుకే ప్రత్యేకంగా పట్టికలు ఇస్తారు.

పాపీ కనిపించని రోజున ఏం చేస్తారు అని మీకు సందేహం రావచ్చు. అప్పుడు నోటి లెక్క. మిగిలిన మైళ్లను 300తో గుణిస్తే రన్‌వే పైన ఉండాల్సిన ఎత్తు వస్తుంది. ఐదు మైళ్లకు 1500, మూడు మైళ్లకు 900. ఖచ్చితంగా అయితే మైలుకు 318, కానీ తప్పు పట్టుకోవడానికి 300 చాలు. ప్రతి మైలుకూ ఒక పైలట్ దూరం చదువుతాడు, రెండో పైలట్ ఎత్తు చదువుతాడు. 2000 జులై 29 రాత్రి సమోవా దేశంలోని అపియాకు దిగుతున్న ఎయిర్ న్యూజిలాండ్ బోయింగ్ 767ను కాపాడింది ఇలాంటి లెక్కే. అక్కడ ఐఎల్ఎస్ అనే రేడియో దారిలో లోపం ఉంది. విమానం ఎక్కడున్నా సరే 'మీరు సరైన వాలు మీదే ఉన్నారు' అని సూది మధ్యలోనే నిలబడిపోయింది. ఎర్ర జెండా లేదు, హెచ్చరిక లేదు. దూరానికీ ఎత్తుకూ పొంతన కుదరడం లేదని, రన్‌వే దీపాలు ఉండాల్సిన చోట లేవని గమనించి సిబ్బంది పైకి లేచారు. అప్పటికి నేలకు 400 అడుగుల లోపే ఉన్నారు, రన్‌వే ఇంకా ఐదు మైళ్లకు పైగా ఉంది.

పక్కకు తప్పడం గురించి నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, వానలో, వీఓఆర్ అనే పాత రేడియో స్టేషన్ ఆధారంగా ఒక ఊరికి దిగుతున్నాం. నడిపేది నేను. ఎనిమిది మైళ్ల దగ్గర వీఓఆర్ సూది మధ్యలో ఉంది, జీపీఎస్ మ్యాప్ మాత్రం అర మైలు పక్కగా ఉన్నామంటోంది. వీఓఆర్‌లో ఒకటి రెండు డిగ్రీల తేడా మామూలే, కొండలకు తగిలి వచ్చే సిగ్నల్‌తో సూది కాస్త ఊగుతుంది కూడా. అందుకని రెండింటికీ మధ్యలో పోదామనుకుని అటు కొంచెం తిప్పాను. కెప్టెన్ వెంటనే, "మధ్యలో దారేమీ లేదు. పైకి పద" అన్నారు. పైకి లేచి, సురక్షితమైన ఎత్తుకు వచ్చి, తీరిగ్గా చూసుకుంటే తప్పు నాదే. సూది ఏ దిక్కు దారిని చూపాలో చెప్పే కోర్సు నాబ్‌ను 112 డిగ్రీల మీద పెట్టాల్సింది, నేను 116 మీద పెట్టాను. అరవై మైళ్ల దూరంలో ఒక డిగ్రీ తప్పితే ఒక మైలు తప్పుతుంది. ఎనిమిది మైళ్ల దగ్గర నాలుగు డిగ్రీలంటే అర మైలే. స్టేషన్ బాగుంది, జీపీఎస్ బాగుంది, నా చెయ్యి తప్పింది. ఆ అర మైలు పక్కన కొండ ఉండి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదల్లేదు. అప్పటి నుంచి కోర్సు పెట్టాక వేలు అంకె మీద ఆనించి, పైకి చదివి, పక్కవాళ్లు కూడా చదివాకే వేలు తీస్తాను.

ఇలాంటివే ఇంకొన్ని ఉన్నాయి, భయపడాల్సినవి కావు. డీఎంఈ అనే పరికరం చూపించే దూరం నేల మీది దూరం కాదు, విమానం నుంచి స్టేషన్‌కు ఏటవాలు దూరం. 6000 అడుగుల ఎత్తులో స్టేషన్ నెత్తి మీద ఉన్నా అది ఒక మైలు అనే చూపిస్తుంది. జీపీఎస్ సున్నా అంటుంది. ఇవి తెలిసిన తేడాలు, కారణం నోటి మీద ఉంటుంది.

కారణం తెలియని తేడా వస్తేనే గాభరా. ఈమధ్య అలాంటివి ఎక్కువగా వస్తున్నది జీపీఎస్ నుంచే. శాటిలైట్ సిగ్నల్ చాలా బలహీనమైనది, నేల మీద నుంచి దొంగ సిగ్నల్ పంపితే రిసీవర్ మోసపోతుంది. దీన్ని స్పూఫింగ్ అంటారు. 2025 నవంబర్‌లో ఢిల్లీలో 10వ నంబర్ రన్‌వేకు జీపీఎస్ పద్ధతిలో దిగుతున్న కొన్ని విమానాలు ఈ సమస్యను రిపోర్ట్ చేశాయని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. మిగతా రన్‌వేల మీద ఐఎల్ఎస్ లాంటి పాత పద్ధతులు ఉండబట్టి ఇబ్బంది లేకుండా గడిచింది. శాటిలైట్లు వచ్చాక కూడా నేల మీది రేడియో స్టేషన్లను కొన్నిటిని పీకేయకుండా ఉంచడం చాలా మంచి నిర్ణయమని నా గట్టి అభిప్రాయం. స్పూఫింగ్ జరిగితే మ్యాప్ ఒక్కసారిగా పక్కకు దూకవచ్చు, గడియారంలో టైమ్ మారిపోవచ్చు, కొండ లేని చోట 'పుల్ అప్', అంటే పైకి లేపు, అని హెచ్చరిక పరికరం నుంచి అరుపు రావచ్చు. అరుపు అబద్ధమేమో అని అనుమానం ఉన్నా, చీకట్లో, మబ్బులో అయితే ముందు పైకి లేచి తర్వాతే ఆలోచించాలని నేర్పుతాం.

అలాగని జీపీఎస్‌ను తీసిపారేయకూడదు. ఐఎల్ఎస్ పెట్టే ఖర్చు భరించలేని చిన్న ఎయిర్‌పోర్ట్‌లకు అదే దిక్కు. ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి తయారుచేసిన గగన్ వ్యవస్థ జీపీఎస్ తప్పులను దిద్ది పంపుతుంది. 2022 ఏప్రిల్ 28న రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో మన దేశంలో మొదటిసారి ఒక ఏటీఆర్ విమానం గగన్ సాయంతో దిగింది. అందులో ఎత్తు కూడా శాటిలైట్ లెక్కే, గాలి పీడనం లెక్క కాదు. కాబట్టి నేను పైన చెప్పిన ఎండ తేడా దానికి ఉండదు. 43 డిగ్రీల మన ఊళ్లకు ఇంతకంటే పనికొచ్చేది లేదు.

అన్నిటికీ పైన కళ్లు. మా పైలట్లకు కర్నూలు చుట్టుపక్కల మంచి గుర్తులున్నాయి. గని, శకునాల వైపు సోలార్ పార్క్ పైనుంచి చూస్తే పెద్ద చెరువులా మెరుస్తుంది. మొదటిసారి వచ్చేవాళ్లు దాన్ని నిజంగానే చెరువనుకుని మ్యాప్‌లో వెతుకుతారు. కళ్లు కూడా మోసపోతాయి కాబట్టి, రన్‌వే కనిపించినా సరే దాని దిక్కు, దూరం స్క్రీన్‌తో సరిచూసుకుంటాం. అమెరికాలో 2014 జనవరిలో ఒక ప్యాసింజర్ విమానం రాత్రిపూట బ్రాన్సన్ బదులు దగ్గర్లోని చిన్న ఎయిర్‌పోర్ట్‌లో దిగిపోయింది. రన్‌వే దీపాలు కనిపించగానే ఇదే మనది అనుకున్నారు.

చివరగా మీ నాయన చూసిన ఆ పైకి లేవడం. దాన్ని గో అరౌండ్ అంటాం. ఆకాశం తేటగా ఉంటే 500 అడుగుల దగ్గర ఒక గేటు ఉందనుకోండి. అక్కడికి వచ్చేసరికి వేగం, వాలు, దిగే రేటు, రన్‌వేతో వరస, చక్రాలు, రెక్కల వెనక దించే ఫ్లాప్స్ అన్నీ హద్దుల్లో ఉండాలి. ఒక్కటి లేకపోయినా లేవాల్సిందే, ఎవరి అనుమతీ అక్కర్లేదు. కో-పైలట్ 'గో అరౌండ్' అన్నా చాలు, కెప్టెన్ లేవాలి. మే మధ్యాహ్నం బండల క్వారీల మీద, ఎర్ర నేలల మీద వేడిగాలి విమానాన్ని పైకి తంతుంది, గాలి దిక్కు నిమిషంలో మారుతుంది, పైన చెప్పిన ఎండ లెక్క ఉండనే ఉంది. ఆ రోజు ఇందులో ఏదో ఒకటి గేటు దగ్గర హద్దు దాటి ఉంటుంది, వాళ్లు లేచారు. లోపల కూర్చున్నవాళ్లకు ఇంజిన్ మోత, సీటులోకి నొక్కేసినట్టు ఉండటం, ఎవరూ వెంటనే ఏమీ చెప్పకపోవడం భయంగానే ఉంటుంది. అప్పుడు పైలట్లిద్దరి చేతుల నిండా పని ఉంటుంది, మైక్ తీసుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. చెప్పడం మర్చిపోతే మాత్రం అది వాళ్ల తప్పే. దిగాక తలుపు దగ్గర కెప్టెన్ కనిపిస్తే ఎందుకు లేచారని మొహమాటం లేకుండా అడగమనండి. నన్ను అడిగినవాళ్లందరికీ నేను నిలబడి చెప్పాను.

మీ నాయన వచ్చిన తేదీ, సుమారు టైమ్ ఇక్కడ రాయండి. ఆ గంట కడప వాతావరణ రిపోర్ట్ దొరికితే గాలి ఎటు నుంచి ఉందో, ఎండ ఎంతుందో, పీడనం ఎంతో చూసి, మీ 700 అడుగుల లెక్క ఖచ్చితంగా వేసి ఇస్తాను. ఆ కాగితం ఆయనకు చూపించండి.